దూతధర్మము – రాధాకృష్ణపండితుని చేతిస్పర్శ

1992లో ఆస్ట్రేలియాకు వెళ్ళిన అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్, కాన్‌బెరా వీథిలో కారులోనుండి రెండు వ్రేళ్ళెత్తి జయసంకేతము చూపినాడు. అరచేయి తనవైపునకు తిరిగి ఉండుటచేత ఆ దేశీయులకు అది బూతుసంజ్ఞ అయి కూర్చున్నది. 1977లో కార్టరు వార్సాలో దిగి పలికిన మాటలను దుబాసి పోలిష్ భాషలోనికి మార్చిన తీరు చూచి ఆ దేశమంతా నవ్వుకొన్నది. మనవారును తక్కువ తినలేదు. 2011 ఫిబ్రవరిలో నాటి విదేశాంగమంత్రి ఎస్.ఎం.కృష్ణ ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో తన ప్రసంగప్రతికి బదులు పోర్చుగల్ మంత్రి ప్రతిని చేతబట్టి, మన రాయబారి గుర్తించి ఆపువరకు కొన్ని నిమిషములు నిరాఘాటముగా చదివినారు. ఆ ప్రసంగము చివరివరకు సాగినా సభ్యులలో ఎందరు గమనించి ఉండేవారన్నది వేరే ప్రశ్న!

ఇవన్నియు ప్రమాదములే కాని అపరాధములు కావు. ప్రమాదమనగా ఏమరుపాటు. దానికి ఒక నవ్వు చాలును. ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమని నిరూపింప ఒక గ్రంథమే వ్రాసిన క్షేమేంద్రుడు, తగనిచోట ధరించిన ఆభరణము నవ్వు పుట్టించునన్నాడు. పాపము కలిగించునని అనలేదు. మరి దౌత్యములో నిజమైన దోషమెక్కడున్నది? ఆచారము తప్పినను దోషము కాని సందర్భము, ఆచారము చెడకపోయినను దోషమైన సందర్భము ఉండునా? ఈ ప్రశ్నకు చిత్తూరు సీమలోనే ఒక మహోదాహరణము దొరుకుచున్నది.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న సుబ్రహ్మణ్యక్షేత్రమైన తిరుత్తణిలో తెలుగు కుటుంబములో జన్మించినారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటినుండి 1960 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్రములో కలియువరకు ఆ ఊరు ఈ జిల్లాలోనిదే. 1896 మొదలు 1900 వరకు ఆయన చదివినది తిరుపతిలో, హెర్మాన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ పాఠశాలలో. కన్నులెత్తితే శేషాచలము, పుస్తకము తెరిస్తే క్రైస్తవబోధ. పరధర్మమువాని యెదుట తన ధర్మమును దాచుకొనక, అతని ధర్మమును నొప్పింపక మెలగుట అనే విద్య బాలునికి అక్కడనే అబ్బి ఉండవచ్చును.

1949లో నెహ్రూ ఆయనను సోవియట్ దేశమునకు రాయబారిగా పంపినారు. అంతకుముందు ఆ పదవిలో ఉన్న విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ దర్శనము ఒక్కసారియు లభింపలేదు. ఈయనయో వృత్తిచేత ఆచార్యుడు, విందులకు విముఖుడు, ఆక్స్‌ఫర్డ్ పీఠమును సైతము వదలుకొననివాడు. ఇటువంటివానికి మాస్కోలో ఏమి పని అని పెదవి విరిచినవారున్నారు. అయినను 1950 జనవరిలో స్టాలిన్ ఆయనకు క్రెమ్లిన్‌లో దర్శనమిచ్చినాడు. ఆ సమావేశములో రాధాకృష్ణన్ అశోకుని ప్రసక్తి తెచ్చినారు. రక్తపాతముతో విజయము గడించిన మా చక్రవర్తి ఒకడు యుద్ధమును విడిచి భిక్షువైనాడు, మీరును బలముతోనే అధికారమునకు వచ్చినారు, మీకును అట్లు కావచ్చునేమో అన్నారు. ఎదుటనున్నవాడు ఎవడు? ఎవని పేరు చెబితే సగము ప్రపంచము వణికెనో వాడు. కౌటిల్యుడు అర్థశాస్త్రములో నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు అని దూతలను మూడు తెగలుగా విభజించినాడు. ఇంతటి మాటను తన పూచీపై పలుకగలవాడు ఆ మూటిలో మొదటి తెగకు చెందవలసినదే. స్టాలిన్ కోపగింపలేదు. అద్భుతములు ఒక్కొక్కప్పుడు జరుగునని, తానును అయిదేండ్లు క్రైస్తవ వేదాంతపాఠశాలలో చదివినవాడనేనని బదులిచ్చినాడట.

1952 ఏప్రిల్‌లో వీడ్కోలు సందర్శనము. స్టాలిన్ ముఖము ఉబ్బి ఉన్నది. రాధాకృష్ణన్ ఆయన చెక్కిలి తట్టి, వీపుపై చేయి వేసినారు. ఏ దౌత్యశాస్త్రము ప్రకారము చూచినను ఇది మర్యాదాతిక్రమణమే. నన్ను రాక్షసునిగా కాక మనుష్యునిగా చూచిన మొదటివారు మీరు అని స్టాలిన్ అన్నట్లు రాధాకృష్ణుల కుమారుడు గోపాల్ వ్రాసిన జీవితచరిత్ర చెప్పుచున్నది. మరు సంవత్సరము మార్చిలో స్టాలిన్ మరణించినాడు.

ఆ స్పర్శ ఎక్కడిది? ఈ సీమలోని వైష్ణవాలయములలో అర్చకుడు శఠారిని తలపై ఉంచును. దానిపై ఉన్నవి స్వామి పాదములు. కలెక్టరైనను కూలివాడైనను దానిక్రింద తల వంచవలసినదే. పెట్టువాడు గొప్ప కాడు, పెట్టించుకొనువాడు తక్కువ కాడు. తిరుపతిలో పెరిగిన బాలునికి చేయి సాచి తల, చెక్కిలి తాకుట ఆశీస్సేగాని అవమానము కాదు. (శఠగోపము పెట్టుట అన్న మాటకు జనవ్యవహారములో వేరొక అర్థము కూడ కలదు. నేటి విదేశపర్యటనలలో కొన్నింటికి ఆ అర్థమే బాగుగా కుదురును.)

1957 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతిగా చైనా వెళ్ళినప్పుడు మావో చెక్కిలిని సైతము ఆయన తట్టినారు. మావో ఆశ్చర్యమునుండి తేరుకొనకముందే, కంగారుపడకుడు, స్టాలిన్‌కును పోపుకును ఇట్లే చేసితిని అన్నారని నట్వర్‌సింగ్ చెప్పిన ఉదంతము. విందులో మరొక చిక్కు వచ్చినది. మావో చనువుతో తన పళ్ళెములోని మాంసఖండమును పుల్లలతో తీసి అతిథి పళ్ళెములో ఉంచినాడు. అతిథి శాకాహారి అన్న సంగతి ఆయనకు తెలియదు. రాధాకృష్ణన్ ముఖము చిట్లింపలేదు, ఉపన్యసింపలేదు. జరిగినది తప్పన్న భావమే అతనికి కలుగనీయలేదు. చిత్తూరు పల్లెలలో వద్దన్నకొలదిని సంగటిముద్ద మీద మరొక ముద్ద వేయు ఇల్లాలిని ఎరిగినవానికి, మావో చేసినది ఆతిథ్యమేయని తెలియకపోదు.

ఇచ్చట శ్రీకృష్ణరాయబారము గుర్తుకు రాక తప్పదు. హస్తినలో దుర్యోధనుడు షడ్రసోపేతమైన విందు సిద్ధపరచినాడు. మర్యాదకేమియు లోపము లేదు. కృష్ణుడు దానిని తిరస్కరించి విదురుని యింట భుజించినాడు. ప్రీతి ఉన్నచోట తినవలెను, లేదా ఆపదలో తినవలెను. ఇక్కడ రెండును లేవని స్పష్టముగా చెప్పినాడు. ఒకచోట ఆచారము తప్పిన పెట్టుబడిలో ప్రీతి ఉన్నది. మరొకచోట ఆచారము నిండిన విందులో ప్రీతి లేదు. దూత చూడవలసినది పళ్ళెమును కాదు, పెట్టుచున్న చేతిని.

అయితే మావో పళ్ళెములో నిజముగా ప్రీతి ఉన్నదా? ఇది తప్పించుకొనరాని ప్రశ్న. అయిదేండ్లు తిరుగగానే, 1962 అక్టోబరు 20న చైనా సేనలు మన సరిహద్దు దాటినవి. ఆరు దినముల తర్వాత అత్యవసర పరిస్థితిని ప్రకటించిన రాష్ట్రపతి ఈ రాధాకృష్ణపండితుడే. ఆ చెక్కిలి తట్టుట వట్టి అమాయకత్వమని వెక్కిరించుటకు ఇంతకంటె అవకాశము ఉండదు.

కాని ఆయన తర్వాత చేసిన పనిని కూడ లెక్కలోనికి తీసుకొనవలెను. పరాజయమునకు కారణములు చెప్పుచు, సులభవిశ్వాసము, ఉపేక్ష అను రెండు దోషములను ఆయన తన ప్రభుత్వముపైననే మోపినారు. ప్రధాని తనకు మిత్రుడైనను, తనను మాస్కోకు పంపినవాడైనను, మాట మెత్తపరచలేదు. సుందరకాండలో హనుమంతుడు రావణుని తేజస్సును చూచి మనస్సులో మెచ్చుకొన్నాడు. ఆ మెప్పు వాని అధర్మమును ముఖముమీద చెప్పుటకు అడ్డు రాలేదు. లంకలో చూచినది చూచినట్లు రామునికి నివేదించుటకును అడ్డు రాలేదు. దూత పరులయెడ మృదువుగా ఉండవచ్చును, పంపినవానియెడ మాత్రము నిజమునే పలుకవలెను. కౌటిల్యుడు దూతకు మద్యమును, స్త్రీసాంగత్యమును నిషేధించి, ఒంటరిగా నిద్రింపుమని చెప్పినది కూడ ఈ నిజము మధ్యలో జారిపోకుండుటకే.

నేడు ఈ క్రమము తలక్రిందులైనది. పరదేశవేదికలెక్కి స్వదేశమందలి ప్రత్యర్థులను దూషించుట, తిరిగివచ్చి విమానాశ్రయములో దండలు వేయించుకొని అక్కడ సాధించినదానిని పదింతలు చేసి చెప్పుట అన్ని పక్షములవారికిని అలవాటైనది. చేయి ఏ వైపునకు త్రిప్పి ఊపినారన్నది మాత్రము రాత్రియంతయు చర్చింపబడును. 1963 జూన్‌లో రాధాకృష్ణన్ వాషింగ్టన్ వెళ్ళినప్పుడు వాన కురియుచుండెను. వాతావరణము బాగాలేదని కెన్నడీ నొచ్చుకొనగా, సంఘటనలు మన వశములో ఉండకపోయినను వాటియెడ మన దృష్టి మన వశములోనే ఉండునన్నారట. చైనా యుద్ధము ముగిసి అప్పటికి ఏడు నెలలైనను నిండలేదు.