కోట దాటొచ్చిన జ్వరం

ఒడిశాలోని బరంపురం పేరు వింటే చాలామందికి పట్టుచీరలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ జిల్లాలోనే గంజాం ఊరి పక్కనున్న పొటాగఢ్ కోట గుర్తొస్తుంది. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, ఇంగ్లిషు కంపెనీ 1768లో కట్టించిన కోట అది. ఆ ఏడే ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ ఇక్కడికి కంపెనీ ప్రతినిధిగా, అంటే తొలి రెసిడెంటుగా వచ్చాడు. చుట్టుపక్కల జమీందారులు ఇంకా లొంగని కాలం.

కోట కిటుకంతా దాని నక్షత్రాకారంలోనే ఉంది. గోడ కోణాలుగా ముందుకు పొడుచుకొస్తుంది కాబట్టి, ఒక మూలనున్న ఫిరంగి పక్క గోడను కాపు కాస్తుంది. గోడవార నక్కుదామంటే శత్రువుకు మరుగు దొరకదు.

ఇంత కట్టుదిట్టం చేశాక, 1815లో విషజ్వరం వచ్చిపడింది. దాన్ని ఏ ఫిరంగి ఆపుతుంది? దొరలు కచేరీలు సర్దుకుని బరంపురం చేరారు. రేవు సందడి గోపాలపురానికి మళ్లింది. అక్కడిప్పుడు సైన్యం గగనతల రక్షణ ఫిరంగుల మీద శిక్షణ ఇస్తోంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం 1936లో ఒరిస్సాకు పోయింది. ఈ ఊరి తలరాత మార్చినవి ఒక జ్వరం, ఒక సర్కారు ఉత్తర్వు. చరిత్ర పుస్తకాల్లో ఫిరంగులకిచ్చే పేజీల్లో కొన్నయినా వీటికి కేటాయించాలి.