బేస్ కోసం గొంతు నొక్కకండి

డబ్బింగ్ నేర్చుకుంటున్న పిల్లలు మా ఈఎన్‌టీ ఓపీకి వచ్చారంటే వాళ్ల కోరిక ముందే తెలిసిపోతుంది. అబ్బాయిలు "బేస్ రావాలి సార్" అంటారు. అమ్మాయిలు "గొంతు ఇంకాస్త లేతగా పలకాలి" అంటారు. ఉన్న గొంతు ఆరోగ్యంగా ఉందో లేదో చూడమని అడిగేవాళ్లు అరుదు. హైదరాబాద్ కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో సర్దుకుంటూ, ఒక్క పాత్ర కోసం డబ్బింగ్ థియేటర్ల చుట్టూ తిరిగే ఈ పిల్లల పట్టుదలంటే నాకు గౌరవం. ఆ పట్టుదలే వాళ్ల గొంతును దెబ్బతీస్తుంటే చూసి ఊరుకోలేక, నాకు ఎదురైన కొన్ని కేసులు ఇక్కడ చెబుతున్నాను. మనుషుల ఆనవాళ్లు మార్చాను, జబ్బులు మార్చలేదు.

డిగ్రీ అయిపోయి హైదరాబాద్ వచ్చిన ఒక కుర్రాడికి, రాజశేఖర్ సినిమాల్లో సాయికుమార్ గారు చెప్పిన డైలాగులంటే ప్రాణం. రోజూ తెల్లవారుజామునే లేచి, గడ్డం ఛాతీకి ఆనించి, గొంతు కిందికి నొక్కిపెట్టి ఆ ధాటిలో చెప్పడం సాధన చేసేవాడు. మొదట్లో గరగరమంటూ వచ్చిన ధ్వనిని బేస్ అనుకుని సంబరపడ్డాడు. కొన్నాళ్లకు సాయంత్రమయ్యేసరికి మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. నా ఎదురుగా కూర్చుని పేరు చెప్పేటప్పుడే మెడ నరాలు తేలి కనిపించాయి.

స్ట్రోబోస్కోపీ చేశాం. స్వరతంత్రుల కదలికను మెల్లగా జరుగుతున్నట్టు తెరమీద చూపించే పరీక్ష అది. తంత్రులకు కాస్త పైన, మామూలు మాటకు అవసరం లేని మడతలు రెండు ఉంటాయి. ఇతను నోరు తెరిచి పలికిన ప్రతిసారీ అవి రెండు పక్కల నుంచీ ముడుచుకొచ్చి అసలు తంత్రులను దాదాపు కప్పేస్తున్నాయి. అతను తెరవైపే చూస్తూ, "ఇన్నాళ్లూ నేను బేస్ అనుకున్నది ఇదా సార్?" అన్నాడు. అదే.

మగవాళ్ల స్వరతంత్రుల పొడవు సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్లు, ఆడవాళ్లవి 12 నుంచి 17. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్లలో సెకనుకు 120 సార్లు, ఆడవాళ్లలో 200 సార్లు అటూఇటూగా కంపిస్తాయి. పెరుగుదల ఆగిపోయాక ఏ సాధనా ఆ పొడవును పెంచలేదు. మరి ఒకే మనిషి పది రకాలుగా ఎలా పలుకుతాడు? తంత్రుల కింద ఊపిరి ఉంది. తంత్రుల పైన గొంతు గుహ, నోరు, ముక్కు ఉన్నాయి. నాలుక కాస్త ముందుకో వెనక్కో జరిగినా, దవడ వదులైనా, పెదవులు గుండ్రమైనా అదే నాదం వేరే రంగు తొడుక్కుంటుంది. కమల్‌హాసన్‌కి తెలుగులో ఏళ్ల తరబడి గొంతునిచ్చిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 'దశావతారం'లో కమల్ వేసిన పలు పాత్రలకు తానే చెప్పారు. అన్ని పాత్రలకూ ఉన్నది ఆ ఒక్క జత తంత్రులే. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ చెప్పే మాట ఒకటే: పని కిందున్న ఊపిరితో, పైనున్న నోటితో చేయించండి. మధ్యలో ఉన్న తంత్రులను మాత్రం తేలిగ్గా వదిలేయండి.

ఈ కుర్రాడిని స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాను. ఆవిడ నేర్పిన మొదటి కసరత్తు మీరూ చేయొచ్చు. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా కొసను రెండు మూడు సెంటీమీటర్ల లోతు ముంచి, పెదవులు బిగించి, స్ట్రాలోంచి సన్నగా "ఊ" అనాలి. నీళ్లలో బుడగలు ఆగకుండా, ఒకే తీరుగా రావాలి. అలా కింది స్థాయి నుంచి పైకి, పైనుంచి కిందికి మెల్లగా జారాలి. ముందు దారి ఇరుకవడంతో కొంత ఒత్తిడి వెనక్కి తిరిగి వస్తుంది. దాంతో తంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా మెత్తగా కలుస్తాయి. పొద్దున్నే ఐదు నిమిషాలు, మైకు ముందుకు వెళ్లేముందు ఇంకో ఐదు నిమిషాలు చాలు. మెడ బిగిసిందో, నొప్పి పుట్టిందో, తప్పుగా చేస్తున్నట్టే. కొన్ని వారాలకు అతని సహజమైన గొంతు బయటికొచ్చింది. అతను కోరుకున్నంత లోతు లేదు గానీ తేటగా, అలసట లేకుండా పలికింది. ఇప్పుడు పని దొరుకుతున్నది ఆ గొంతుకే.

ఇంకో అమ్మాయి కార్టూన్ సీరియళ్లలో చిన్నపిల్లలకు చెబుతుంది. పొద్దంతా స్కూల్లో పాఠాలు, సాయంత్రం డబ్బింగ్. ఆరు నెలలుగా గొంతు బొంగురు. పై స్థాయికి వెళ్తే గాలి తప్ప శబ్దం లేదు. చూస్తే, రెండు తంత్రులు ఎక్కువగా ఒరుసుకునే చోట ఎదురెదురుగా రెండు చిన్న బుడిపెలు. పలుగు పట్టిన అరచేతికి కాయలు కాసినట్టే, ఒరిపిడి ఎక్కువైన తంత్రులకు ఇవి వస్తాయి. నాడ్యూల్స్ అంటాం. వెంట వచ్చిన తల్లి, "ఆపరేషన్ చేసి తీసేయండి డాక్టరుగారూ, దాని భవిష్యత్తు పాడైపోతుంది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"కత్తితో తీసేస్తాననుకోండమ్మా, ఆ వాడకం మారకపోతే మళ్లీ వస్తాయి. ముందు వాడకం మారుద్దాం" అన్నాను. నాడ్యూల్స్‌కి మొదటి వైద్యం వాయిస్ థెరపీయే. క్లాసులో చిన్న మైకు పెట్టుకోమన్నాం. చిన్నపిల్ల గొంతు కోసం ఆ అమ్మాయి కంఠం పిసికేది. ఆ అలవాటు మాన్పించి, నాలుక ముందుకు తెచ్చి, పెదవులు నవ్వుతున్నట్టు సాగదీసి పలకడం థెరపిస్టు నేర్పింది. నోటి గుహ పొట్టిదైతే గొంతు వయసు తగ్గినట్టు వినిపిస్తుంది. కొన్ని నెలలకు బుడిపెలు కరిగిపోయాయి. ఆమె పాత్రలు ఆమెకు తిరిగి దక్కాయి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మూడో రకం. క్రౌడ్ డబ్బింగ్‌కి వెళ్లిన ఒకతను జలుబుతోనే, ఒళ్లునొప్పులకు యాస్పిరిన్ వేసుకుని, ఫైట్ సీన్లకు అరిచాడు. ఒక అరుపు మధ్యలో గొంతు ఠక్కున పోయింది. ఎండోస్కోపీలో ఒక తంత్రి మొత్తం ఎర్రగా కమిలిపోయి ఉంది. లోపల సన్నని రక్తనాళం చిట్లింది. యాస్పిరిన్ లాంటి మాత్రలు రక్తాన్ని త్వరగా గడ్డకట్టనివ్వవు, ఆ సమయంలో అరవడం ప్రమాదం. "రేపు రెండో షెడ్యూల్ ఉంది, ఇంజెక్షన్ ఏదైనా వేయండి" అని కాగితం మీద రాసి చూపించాడు. స్టెరాయిడ్ పడితే వాపు తగ్గి గొంతు బాగైనట్టే అనిపిస్తుంది. ఆ ధైర్యంతో మళ్లీ అరిస్తే తంత్రి మీద శాశ్వతంగా మచ్చ మిగిలిపోవచ్చు. తంత్రులను చూడకుండా అలాంటి ఇంజెక్షన్ ఎవరు వేస్తామన్నా వేయించుకోవద్దు. అతనికి వారంపాటు పూర్తి మౌనం చెప్పాను. గుసగుస కూడా వద్దన్నాను, గుసగుసకు చాలామంది మామూలు మాట కంటే ఎక్కువే బిగిస్తారు. ఆ షెడ్యూల్ పోయింది, గొంతు మిగిలింది.

ఇక రోజువారీ సంగతులు. మైకు పక్కన సీసా పెట్టుకుని గుక్కలు వేస్తే తంత్రులు తడవవు. నీళ్లు వాటిని తాకాయంటే పొలమారినట్టే. తాగిన నీరు ఒంటికి పట్టి, ఆ తర్వాతే తంత్రులకు చేరాలి. కాబట్టి రోజంతా తాగుతూ ఉండాలి. ఆవిరి మాత్రం నేరుగా తగులుతుంది. కరక్కాయ, పటికబెల్లం బుగ్గన పెట్టుకుంటే లాలాజలం ఊరి హాయిగా ఉంటుంది, దాంతో నాడ్యూల్స్ పోతాయని మాత్రం నమ్మొద్దు. అర్ధరాత్రి కాల్‌షీట్ ముగించి బిర్యానీ తిని పడుకుంటే కడుపులోని ఆమ్లం గొంతుదాకా ఎక్కుతుంది. తిండికీ నిద్రకీ కనీసం రెండు మూడు గంటల ఎడం కావాలి. సిగరెట్టుతో గొంతు బరువెక్కుతుందనే మాట నిజమే, తంత్రులు వాచి బరువెక్కుతాయి. అది క్యాన్సర్‌కి దారి కూడా. హెడ్‌ఫోన్స్‌లో పైలట్ ట్రాక్, అంటే షూటింగ్‌లో రికార్డైన మాట, హోరుగా వినిపిస్తే మనకు తెలియకుండానే గొంతు పెంచేస్తాం. దాన్ని తగ్గించి మీ గొంతు మీకు వినిపించేలా చేయమని సౌండ్ ఇంజనీర్‌ని అడగండి. ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకు జరుపుకున్నా నయమే.

బొంగురు మూడు వారాలు దాటితే తంత్రులను చూపించుకోవాలి. పొగ, ఖైనీ అలవాటుంటే అంతవరకూ కూడా ఆగొద్దు. అరుస్తుండగా గొంతు పోతే ఆ రోజే రావాలి. వీలైతే ఈ వృత్తిలోకి అడుగుపెట్టేముందే, గొంతు బాగున్నప్పుడే ఒకసారి స్ట్రోబోస్కోపీ చేయించుకుని ఆ వీడియో దాచుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే, మీకు సహజంగా ఉన్నదేదో, కొత్తగా వచ్చినదేదో మాకు వెంటనే తెలుస్తుంది.

డబ్బింగ్ నడిపించే పెద్దలకూ నాదొక విన్నపం. అరుపులు, ఏడుపులు, ఫైట్ రియాక్షన్లు ఉన్న లూపులను సెషన్ చివరికి పెట్టండి. మామూలు డైలాగులన్నీ అయ్యాక అరిస్తే, ఆ తర్వాత గొంతుకు విశ్రాంతి దొరుకుతుంది. అరిచాక డైలాగులు చెప్పిస్తే, దెబ్బతిన్న తంత్రుల మీదే గంటల పని పడుతుంది. ఈ మార్పుకు పైసా ఖర్చు లేదు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇలా అడిగే ధైర్యం ఉండదు, అడిగితే పాత్ర పోతుందని భయం. వాళ్లు అడగకముందే చేయవలసింది మీరే.