అర్ధరాత్రి చుట్టాలు

2004 ఫిబ్రవరి. అప్పట్లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉండేవాళ్ళం. రాత్రి ఒకటిన్నర దాటాక ఎవరో మా తలుపు దబదబా బాదడం మొదలెట్టారు.

అమెరికాలో ముందు ఫోన్ చేయకుండా పగటిపూటే ఎవరూ ఎవరింటికీ రారు. అలాంటిది ఆ వేళప్పుడు, మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉన్న రాత్రి ఎవరొస్తారు? మూడు వారాల పిల్లాడు ఎక్కడ లేస్తాడోనని మా ఆవిడ భయం. నా భయం వేరే. తలుపుకున్న కన్నంలోంచి చూస్తే ఇద్దరు పోలీసులు. ఒకాయన, ఒకావిడ.

తీశాను. "ఈ ఇంటి నుంచి 911కి ఫోన్ వచ్చింది. ఏమీ మాట్లాడకుండా పెట్టేశారు. మేం తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు" అన్నాడాయన. అందరం పడుకున్నామండీ, ఏదో పొరపాటు అన్నాను. ఆయన నవ్వలేదు. "ఇంట్లో ఎంతమంది ఉన్నారో అందర్నీ చూడాలి" అన్నాడు.

తర్వాత తెలిసింది, ఆ నంబరుకి చేసి మాట్లాడకుండా పెట్టేస్తేనే వాళ్ళకి ఎక్కువ అనుమానమట. చేసినవాళ్ళ చేతిలోంచి ఎవరో ఫోన్ లాక్కున్నారేమో అని. ల్యాండ్‌లైన్ అయితే అడ్రసు వాళ్ళ తెర మీద దానంతటదే పడుతుంది. ఇక తిరిగి ఫోన్ చేశారంటారా, పిల్లాడి నిద్ర కోసం రింగు శబ్దం మేమే తీసేసి పెట్టాం.

లైటు వేసేసరికి హాల్లో సోఫా పక్కన అమ్మ. శాలువా కప్పుకుని, చేతిలో కార్డ్‌లెస్ ఫోన్ పట్టుకుని, తప్పు చేసిన బడిపిల్లలా నిలబడి ఉంది.

"నేనేరా... మీ నాన్నకి చేద్దామని..."

సంగతి అర్థమైపోయింది. అమ్మ మా ఆవిడ పురిటికి వచ్చింది. మా అత్తగారికి వీసా రాలేదు. నాన్నేమో "ఆ చలికి నేను రాను" అని తెనాల్లోనే ఉండిపోయారు. ఆదివారం ఆదివారం నేను ఫోన్ కార్డు గీకి, దాని మీదున్న అంకెలన్నీ నొక్కి ఊరికి చేసేవాణ్ణి. మొత్తం అమ్మ ఒక్కత్తే చెయ్యలేదు. ఇండియాకి 91 కొట్టాలని మాత్రం గుర్తుంది. ముందు కొట్టాల్సిన 011 మర్చిపోయింది. 91 అయ్యాక కంగార్లో ఒకటి మీద వేలు రెండోసారి పడింది. మన దగ్గర పోలీసులకి 100. ఇక్కడ 911 ఉందని ఆవిడకి చెప్పిందెవరు? అవతల ఎవరో గబగబా ఇంగ్లీషులో అడిగేసరికి హడలిపోయి పెట్టేసింది.

ఇదంతా వాళ్ళకి చెప్పబోతే పోలీసావిడ చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు కాదు. ఆవిడ చెప్పాలి." నన్ను రెండో ఆయనతో వంటింట్లోకి పంపించి, తను అమ్మని సోఫాలో కూర్చోబెట్టి, తన ఫోన్లోంచి ఎవరికో చేసింది. కాసేపటికి స్పీకర్లోంచి ఒక ఆడగొంతు: "నమస్కారం అండీ. నేను తెలుగు దుబాసీని."

అంత చిన్న అపార్టుమెంటులో వంటింట్లోకి వినపడకుండా ఉంటుందా! అమ్మ గొంతే మారిపోయింది. "నువ్వు తెలుగమ్మాయివా తల్లీ! ఏ ఊరు మీది? ఇంత రాత్రప్పుడు పడుకోలేదా?" ఆ అమ్మాయి పాపం సొంత కబుర్లు చెప్పకూడదేమో, విన్నదాన్ని విన్నట్టు ఇంగ్లీషులోకి మార్చి పోలీసావిడకి వినిపించింది. నా పక్కనున్నాయన మొదటిసారి నవ్వాడు.

తర్వాత ప్రశ్నలు. "మిమ్మల్ని ఎవరైనా కొట్టారా?"

"నా కొడుకా? అయ్యో రామ! చిన్నప్పుడు నేనే వాణ్ణి నాలుగు తగిలించాను."

"భయపెట్టారా?"

"లేదమ్మా."

"ఇంట్లో ఫోన్ వాడుకోనివ్వడం లేదా?"

దీనికి వెంటనే జవాబు రాలేదు. వంటింట్లో ఫ్రిజ్ చప్పుడు నాకు పెద్దగా వినిపించింది.

"అలాగని కాదు. కార్డులో నిమిషాలు తక్కువ. వాడు మాట్లాడాలి, కోడలు మాట్లాడాలి. చివర్లో రెండు నిమిషాలు నాకిస్తారు. అందరూ చూస్తుండగా మొగుడితో ఏం మాట్లాడతాను? మాత్ర వేసుకున్నారా అని అడిగేలోగా అయిపోతుంది. ఇప్పుడక్కడ మధ్యాహ్నం. ఆయన అన్నం తిని ఖాళీగా ఉంటారని..."

ఆ అమ్మాయి అదంతా ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క ముక్క వదలలేదు. "నిమిషాలు అయిపోతున్నాయమ్మా, త్వరగా కానీ" అని ప్రతి ఆదివారం అన్నది నేనే. అది మాత్రం అమ్మ చెప్పలేదు.

పోలీసావిడ లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, అంతా బాగానే ఉందని రాసుకుంది. నాకేసి ఒక్క క్షణం చూసింది. ఏమీ అనలేదు. వెళ్ళబోతుంటే అమ్మ కాఫీ తాగి వెళ్ళమని సైగ చేసింది. వద్దంటే డబ్బాలోంచి రెండు సున్నుండలు తెచ్చి చేతిలో పెట్టింది. డ్యూటీలో ఉన్నవాళ్ళు తీసుకోవచ్చో కూడదో నాకు తెలీదు. ఆవిడ మాత్రం కాగితం రుమాల్లో చుట్టుకుని పట్టుకెళ్ళింది.

తలుపేసి గడియారం చూస్తే రెండుంబావు. తెనాల్లో పన్నెండు ముప్పావు. డ్రాయర్లో అయిదు డాలర్ల కార్డు ఉంది. గీకి, నంబర్లన్నీ నేనే నొక్కి, అవతల రింగు వినపడగానే అమ్మకిచ్చి పడగ్గదిలోకి వచ్చి తలుపేసేశాను. మా ఆవిడ "ఏమైంది?" అంది. పొద్దున చెబుతానన్నాను.

ఎంతసేపు మాట్లాడిందో లెక్క చూడలేదు. ఓసారి నవ్వు వినిపించింది. నాకు నిద్ర పట్టబోతుండగా అమ్మ తలుపు మెల్లగా తోసి, ఫోన్ నాకు చూపించింది.

"ఒరేయ్, ఎవరో ఆవిడ మధ్యలో దూరి ఇంగ్లీషులో ఏదో అంటోంది. మళ్ళీ పోలీసులేనా?"

కార్డులో ఒక్క నిమిషమే మిగిలిందని చెప్పే గొంతది. లేచి ఇంకో కార్డు వెతికాను.