కూలరు మోటారూ, ఆకుపచ్చ తీగా

నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతాలలో వేసవి అంటే పగటి ఎండ ఒక్కటే కాదు. పగలంతా కాగిన బండగుట్టలు రాత్రి తిరిగి వదిలే సెగ కూడా. అర్ధరాత్రి దాటినా ఇంటి గోడలు చల్లారవు. గాలిలో తేమ తక్కువైన సీమ గనుక ఇక్కడ కూలరు చక్కగా పనిచేస్తుంది. తడిసిన గడ్డి మెత్తల గుండా గాలి సాగేటప్పుడు నీరు ఆవిరై, అందుకు కావలసిన వేడిని ఆ గాలినుండే గ్రహిస్తుంది. సముద్రతీరంలో ఈ ఉపాయం అంతగా పారదు. 2016లో జిల్లాలు విడివడి పేర్లు పెరిగినా, రేకు డబ్బా కూలరు మాత్రం అన్నింటికీ ఉమ్మడి ఆస్తిగానే మిగిలింది.

మా ఇంటి కూలరు మోటారు ఈ ఏడు చైత్రంలోనే కాలిపోయింది. కొత్తది తెచ్చి విప్పి చూస్తే ఆరు తీగలు! పాతదాని రంగులకూ వీటి రంగులకూ పొంతన లేదు. బోరు మోటార్లు చుట్టే వృత్తిలో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఒకడు కబురందగానే వచ్చాడు. నేనతనికి సంధులూ సమాసాలూ చెప్పాను. ఆ పూట అతడు నాకు తీగల పాఠం చెప్పాడు.

"సారూ, రంగులను నమ్మొద్దు. కంపెనీకో తీరుగ ఉంటయ్. మోటారు మీద అతికించిన పటం జూడాలె, మీటరు పెట్టి కొల్వాలె" అన్నాడు మొదటనే.

మన ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజు విద్యుత్తు. అది ఒకే చుట్టలో పారితే అయస్కాంత క్షేత్రం అక్కడే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది గాని తిరగదు. నిశ్చలంగా ఉన్న రోటరుకు ఎటు కదలాలో తెలియదు. అందుకని పక్కనే రెండవ చుట్ట పెట్టి, దానికి కెపాసిటరు ద్వారా విద్యుత్తు నందిస్తారు. ఆ చుట్టలోని ప్రవాహం మొదటిదానికంటె కొంత ముందుగా నడుస్తుంది. ఈ ముందువెనుకల వలన రెండూ కలిసి తిరిగే క్షేత్రాన్ని సృష్టిస్తాయి. తిరిగే క్షేత్రం అనే ఈ మూలసూత్రం మీదనే 1888లో నికోలా టెస్లా పేటెంట్లు పొందాడు. మా మోటారుకు కావలసిన కెపాసిటరు 4 మైక్రోఫారడ్లది. మోటారు మీద ఎంత వ్రాసి ఉంటే అంతే వేయాలి. విప్పేముందు దానిలో నిలిచిన విద్యుత్తును తొలగించాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కాటు వేయగలదు.

ఆరింటిలో రెండు తీగలు కెపాసిటరువి. ఒకటి ఉమ్మడి తీగ, దానినే కామన్ అంటారు. ఇది న్యూట్రలుకు పోతుంది. మిగిలిన మూడూ వేగాలవి. ఉమ్మడి తీగనుండి కొలిస్తే మా మోటారులో అతి తక్కువ నిరోధం చూపినది హెచ్చువేగపు తీగ, అతి ఎక్కువ చూపినది తక్కువ వేగపు తీగ. ఇందులో వింత లేదు. వేగం తగ్గించాలంటే ప్రధాన చుట్టకు మరికొన్ని చుట్లు వరుసగా కలుపుతారు. అప్పుడు క్షేత్రం బలం తగ్గుతుంది.

నాకు ముచ్చట గొలిపిన సంగతి ఇక్కడే ఉన్నది. నాలుగు ధ్రువాల మోటారులో, 50 హెర్ట్జుల విద్యుత్తుకు, క్షేత్రం నిమిషానికి 1500 మార్లు తిరుగుతుంది. మీట ఏ అంకె మీద ఉన్నా ఆ వేగం మారదు. మారేదల్లా దానిని అందుకోవడానికి పరుగెత్తే రోటరు వెనుకబాటు మాత్రమే. బలం తగ్గిన క్షేత్రం రెక్కలను అంత గట్టిగా లాగలేదు గనుక అవి మరింత వెనుకబడతాయి.

ఫేజు తీగ తిప్పుడు మీటకు వచ్చి, అక్కడినుండి ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క వేగపు తీగగా చీలుతుంది. ఒకే సమయంలో రెండు వేగాలకు ఫేజు తగలరాదు. తగిలితే ఆ రెంటి నడుమనున్న చుట్లు తమలో తామే మూసుకొని, అధిక ప్రవాహం పారి మాడిపోతాయి. వేగాలకు విడివిడి మీటలు పెట్టక తిప్పుడు మీటనే వాడటానికి కారణమిదే.

ఇంతవరకూ అంతా వినోదంగానే సాగింది. పాత తీగలు విప్పుతూ మా శిష్యుడు హఠాత్తుగా ఆగిపోయాడు. మునుపు బిగించిన మనిషి ఆకుపచ్చ తీగను కత్తిరించి, కొసకు టేపు చుట్టి, రెండు పుల్లల ప్లగ్గు తగిలించి పోయాడు. "గది ఉన్నా లేకున్నా పంకా తిరుగుతది గద సార్!" అని ఆనాడు అతడన్న మాట నాకు జ్ఞాపకం వచ్చింది. నిజమే, తిరుగుతుంది. కాని ఆ ఇనుప డబ్బాలో రోజుకు రెండుమార్లు, తడినేల మీద ఒట్టికాళ్లతో నిలబడి, నీళ్లు పోసేది మా ఇంటావిడ. కూలరు తగిలి ప్రాణాలు పోయిన వార్తలను ప్రతి వేసవిలోనూ పత్రికలలో చదువుతూనే ఉన్నాము.

మూడు పుల్లల ప్లగ్గు వేసి ఆకుపచ్చ తీగను డబ్బాకు బిగించాము. శిష్యుడు అంతటితో తృప్తి పడక పెరట్లోని ఎర్తు గుంత చూపమన్నాడు. గుంత ఎండి బీటలు వారి ఉన్నది. మొరం నేల, చెలక నేల తేమ ఉన్నప్పుడే విద్యుత్తును సరిగా గ్రహిస్తాయి. ఎండితే వాటి నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంటే మనం కూలరు వాడే మాసాలలోనే మన ఎర్తు బలహీనపడుతున్నదన్న మాట. ఎర్తు నిరోధం 50 ఓములనుకొందాం. 230 వోల్టుల ఫేజు డబ్బాకు తగిలితే భూమిలోకి పారేది 5 ఆంపియర్ల లోపే. దానికి 16 ఆంపియర్ల ఫ్యూజు పోదు. ఫ్యూజు పోలేదు గనుక క్షేమమే అనుకొంటాము. డబ్బా మాత్రం పూర్తి విద్యుత్తుతో మన చేతికోసం కాచుకొని ఉంటుంది.

అందుకే మీటరు పెట్టె పక్కన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టించాము. పోయిన విద్యుత్తు తిరిగి రాకుండా మరో దారి పట్టిందని పసిగట్టిన క్షణంలో అది సరఫరాను తెంచివేస్తుంది. దాని మీదనున్న పరీక్ష మీటను నెలకొకమారు నొక్కి చూస్తున్నాను.

ఈ సీమలోని చదువరులకు ఒక మనవి. కూలరులో నీళ్లు పోసేముందు ప్లగ్గు తీయండి. మీ ప్లగ్గుకు మూడవ పుల్ల ఉన్నదో లేదో, ఆ పుల్లకు తీగ కలిసి ఉన్నదో లేదో తెలిసినవారిచేత చూపించండి. మా పెరట్లో మల్లెపాదుకు పోసిన వెంటనే ఎర్తు గుంతలో కూడా ఒక బకెట్టు నీళ్లు పోస్తున్నాము. ఫాల్గుణం వెళ్లినది మొదలు తొలకరి పడేదాకా మీరూ ఆ పని చేయండి.