కత్తిరించిన షీట్లు

జులై 8
ఇంట్లో ఖాళీ అయిన మందు షీట్లు తెమ్మంటే ఎనిమిదో తరగతి పిల్లలు సంచుల్లో మోసుకొచ్చారు. బల్ల మీద పోస్తే చాలావరకు ముక్కలే. రెండు బిళ్ళలడిగితే షాపులో కత్తెరతో కోసి ఇస్తారు. మందు పేరు ఒకరింటికి పోతుంది, ఎక్స్‌పైరీ తేదీ ఇంకొకరింటికి. ఒక ముక్క మీద 'టమాల్ 650' అన్నంతవరకే మిగిలింది. ఏం మందురా ఇది అంటే, "జ్వరం బిళ్ళ టీచర్" అన్నాడు తెచ్చినవాడు. ఎలా తెలుసు? "తెల్లగా, పొడుగ్గా ఉంటే జ్వరానికే కదా!" క్లాసులో ఒక్కరూ కాదనలేదు.

జులై 10
బ్రాండు పేరు వదిలేసి, కింద చీమకాళ్ళంత అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదివించాను. జ్వరం షీటు మీదా, జలుబు షీటు మీదా పారాసిటమాల్ ఉందని వాళ్ళే పట్టుకున్నారు. రెండూ మింగితే ఒకే మందు రెండుసార్లు వేసుకున్నట్టే.

తర్వాత బోర్డు మీద లెక్క. పిల్లలకు ఒక మోతాదుకు కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మధ్యలో కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. ముందు వరుస అబ్బాయి బరువు 35 కిలోలు. 350 నుంచి 525 అని వచ్చింది. "మా అమ్మ 650 వేస్తుందే" అన్నాడు. ఒకసారి వేసినందుకు కంగారక్కర్లేదు గానీ, అదే పనిగా వేస్తే కాలేయం దెబ్బతింటుంది, ఒకటి రెండు రోజులదాకా పైకి తెలియకపోవచ్చు కూడా అన్నాను. "అమ్మతో గొడవ పెట్టుకోకు, లెక్క చూపించు."

జులై 15
ఎర్రగీత పాఠం. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని యాంటీబయాటిక్ షీట్ల మీద వేసే ఆ గీత గురించి కేంద్రం 2016లోనే ప్రచారం మొదలుపెట్టింది. మా పిల్లలు దాన్ని డిజైననుకున్నారు. మిగిలిన బిళ్ళలు తమ్ముడి కోసం దాచామని ఒకమ్మాయి గొప్పగా చెప్పింది.

జులై 18
ఈ పాఠం వల్ల లాభం పిల్లలకే అనుకున్నాను. ఇవాళ ఒకమ్మాయి నానమ్మ బీపీ మందుల షీట్లు రెండు తెచ్చింది. వేరే వేరే కంపెనీలవి, బిళ్ళల రంగులు వేరు; లోపలున్నది రెండింట్లోనూ ఆమ్లోడిపిన్. రంగు మారింది కాబట్టి ఇంకో మందనుకుని ఆవిడ రోజూ రెండూ వేసుకుంటోందట. "కాళ్ళు వాచాయి టీచర్." ఆ మందు ఎక్కువైతే అలా వాస్తాయని తెలుసు గానీ, ఏది ఆపాలో చెప్పడం నా పని కాదు. షీట్లు రెండూ పట్టుకుని రేపే పీహెచ్‌సీకి తీసుకెళ్ళమన్నాను. చదువురాని ఇళ్ళలో మందు చీటీ చదివేది ఈ పదమూడేళ్ళ వాళ్ళేనని సిలబస్ రాసినవాళ్ళకు ఎవరు చెప్పాలి?

జులై 23
బెల్లు కొట్టాక ఇద్దరమ్మాయిలు ఆగారు. వరలక్ష్మీ వ్రతానికి నెలసరి రాకుండా అమ్మ బిళ్ళలు తెచ్చిపెట్టిందట, వేసుకోవచ్చా అని. అవి హార్మోన్ బిళ్ళలు. రక్తం గడ్డకట్టే జబ్బో, కాలేయం జబ్బో ఉంటే ప్రమాదం, డాక్టరు చూడకుండా వేసుకోవద్దన్నాను. అమ్మతో మాట్లాడతానన్నాను కూడా. ఈ సంగతి క్లాసులో అందరికీ చెబుదామంటే, ఇలాంటివి క్లాసులో ఎందుకమ్మా అని హెడ్మాస్టరు గారు నసిగారు. షాపువాడు అడక్కుండానే ఇస్తున్నప్పుడు మనం చెప్పడానికి సిగ్గెందుకండీ అన్నాను. ఏఎన్‌ఎం గారు శనివారం వచ్చి మాట్లాడతానన్నారు. మగపిల్లల్ని బయటికి పంపమంటారేమో. పంపను.