కత్తికీ అంటువ్యాధి ఉంటుంది



కొందరు నాణేలు సేకరిస్తారు, కొందరు తపాలా బిళ్ళలు సేకరిస్తారు. నేను పాత మంగలికత్తులు సేకరిస్తాను. రాయచోటి పరిసర గ్రామాల్లో వృద్ధులైన క్షురకుల పొదుల నుండి నాకు లభించినవి ఎక్కువగా ఇంగ్లండులోని షెఫీల్డువి, జర్మనీలోని జోలింగెన్‌వి. అమెరికాలో తయారైన పాత కత్తులు మన వైపు అరుదు. నా వద్దనున్న మూడింటినీ అక్కడ స్థిరపడిన మా అబ్బాయి తెచ్చి ఇచ్చాడు.

పందొమ్మిదవ శతాబ్దంలో చాలాకాలం అమెరికావారు కూడా షెఫీల్డు కత్తులనే అధికంగా వాడేవారు. క్రమంగా స్వదేశీ తయారీ పుంజుకుంది. మసాచుసెట్స్‌లోని వూస్టర్ పట్టణపు జె.ఆర్. టోరీ సంస్థ, న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా కట్లరీ సంస్థ పేరు పొందాయి. 1890 నాటి మెకిన్లీ చట్టం దిగుమతి సుంకాలను పెంచింది. విదేశీ సరుకుపై దాని దేశం పేరు ముద్రించాలని కూడా నిర్దేశించింది. అందుకే ఉక్కుపై ముద్రను చదివి కత్తి వయస్సును అంచనా వేయడం సేకర్తలకు అలవాటు.

ఈ కత్తుల పిడులు అనేకం సెల్యులాయిడ్‌తో చేసినవి. వయస్సు మీరిన కొద్దీ ఆ పదార్థం శిథిలమై, ఆమ్లగుణం గల ఆవిరులను వెలువరిస్తుంది. వేడి ఈ క్షయాన్ని వేగిరపరుస్తుంది. మన ఎండల సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆ ఆవిరి మొదట తన కత్తినే తినివేస్తుంది, ఒకే పెట్టెలో ఉంచితే పక్క కత్తులకూ తుప్పు పట్టిస్తుంది. కనుక చెడిన పిడి గల కత్తిని అంటురోగి వలె వేరుగా ఉంచాలి.

కత్తి నుండి కత్తికి సోకే ఈ జబ్బు కంటికి కనబడుతుంది. కత్తి ద్వారా మనిషి నుండి మనిషికి సోకేది కనబడదు.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక రైతు ఆకు పసర్లు తాగి, ఫలితం లేక కామెర్లతో వచ్చాడు. హెపటైటిస్-బి అని తేలింది. రక్తం ఎక్కించుకున్నవాడు కాడు, శస్త్రచికిత్స జరిగినవాడు కాడు. ఊరందరికీ ఒకే కత్తి అని మాత్రం చెప్పాడు. అదే కారణమని నిరూపించలేము, కాదని కొట్టివేయనూ లేము. కొన్నేళ్లకు కాలేయం గట్టిపడి, పొట్టలో నీరు చేరి మరణించాడు. అతని భార్యాబిడ్డలకు పరీక్షలు చేయించి, టీకాలు వేయించాము.

ఈ వైరస్ శరీరం వెలుపల కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. కంటికి ఆనని గాటు చాలు, అది ప్రవేశించడానికి. తోలుపట్టీపై నూరితే కత్తికి పదును వస్తుంది గాని శుద్ధి రాదు. పటిక రక్తాన్ని ఆపుతుంది గాని వైరస్‌ను చంపదు. పదిమందికి రుద్దిన పటిక తానే ఒక ప్రమాదం.

బోస్టన్‌లో కింగ్ క్యాంప్ జిల్లెట్ ప్రారంభించిన సంస్థ 1903లో అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మరుసటి ఏడు రేజర్ల సంఖ్య 90 వేలు దాటింది. నూరే శ్రమ తప్పించి, బ్లేడును మళ్ళీ మళ్ళీ కొనిపించడమే ఆయన ఉద్దేశం. వ్యాపారం కోసం పుట్టిన ఆ వాడి పారవేసే బ్లేడే నేడు మనకు రక్షణ.

కనుక క్షౌరశాలలో కూర్చున్నప్పుడు కొత్త బ్లేడును మీ కళ్ళముందే విప్పమని అడగండి. సగం బ్లేడైనా సరే, ఇతరులకు వాడనిదై ఉండాలి. మొహమాటపడవద్దు, గాటు పడితే క్షురక సోదరునికీ అదే ప్రమాదం. ఇంట్లో తండ్రీకొడుకులు కూడా ఒకే రేజరు వాడరాదు. పెద్దలు సైతం రక్తపరీక్ష చేయించుకుని, వైద్యుని సలహాతో హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ పూర్తి చేసుకోవాలి.

పాత కత్తి అందాన్ని పెట్టెలో చూసి ఆనందించవచ్చు. చర్మానికి మాత్రం కొత్త బ్లేడే తగినది.