ఎల్లారెడ్డి దారిలో మొక్కల కాలం

మృగశిర కార్తె ప్రవేశించి రెండు మంచి వానలు పడితే చాలు, కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లే దారిలో ట్రాక్టర్ల బరువు మారిపోతుంది. నిన్నటిదాకా పెంట ఎరువు, విత్తనాల బస్తాలు మోసిన ట్రాలీల్లో నల్లటి సంచుల్లో పెరిగిన మొక్కలు ఊగుతూ పోతుంటాయి. వేప, కానుగ, సీతాఫలం, జామ, టేకు. వెనక బైకు మీద వచ్చేవాళ్లు కూడా ఉంటారు, ముందు ట్యాంకు మీద రెండు మామిడి అంట్లు పెట్టుకుని. వానకాలం ఇక్కడ వరినాట్లతో పాటు మొక్కలు నాటే కాలం కూడా.

కామారెడ్డిని బెల్లం మార్కెట్టుగా, హైదరాబాద్–నాగపూర్ హైవే మీద ఆగి చాయ్ తాగే ఊరుగా చాలామంది ఎరుగుదురు. 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడివడి జిల్లా కేంద్రమైంది. రైలు, హైవే, రైస్ మిల్లులు, చుట్టూ చెరకు, మక్క, వరి. అక్కడి నుంచి ఎల్లారెడ్డి వైపు కదిలినకొద్దీ నేల తీరు మారుతుంది. పొలాల వెనక గుట్టలు, గుట్టల మీద టేకు, మోదుగు, తునికి, ఇప్ప. ఎల్లారెడ్డికి దిగువన, మెదక్ సరిహద్దులో పోచారం చెరువు. ఆలేరు వాగు మీద 1916లో మొదలుపెట్టి 1922లో పూర్తిచేసిన ఈ ప్రాజెక్టు నీళ్లే నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల పొలాలకు ఆధారం. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన ఆ చుట్టుపక్కల అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో చిరుతలు, ఎలుగుబంట్లు, తోడేళ్లు, మనుబోతులు, నాలుగు కొమ్ముల కొండగొర్రెలు ఉన్నాయి. చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే బాతులు ఆ నీళ్ల మీద దిగుతాయి. పడమర మంజీరా మీద 1931 నాటి నిజాంసాగర్. ఈ రెండు జలాశయాల నడుమ ఉన్న నేలలో ఏ చెట్టు నాటుతున్నామన్నది చిన్న విషయం కాదు.

ఇక నర్సరీల సంగతి. 2015 జులై 3న చిలుకూరులో మొదలైన హరితహారం కార్యక్రమం, తెలంగాణ రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తీసుకెళ్లాలని లక్ష్యం పెట్టుకుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ఆ బరువును ఊరి మీద కూడా పెట్టింది: ప్రతి గ్రామ పంచాయతీకీ ఒక నర్సరీ ఉండాలి, బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి తీయాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. అందుకే ఈ దారిలో ఊరు దాటగానే బోరు పక్కనో, చెరువు కట్ట కిందనో ఆకుపచ్చ నీడ వల, దాని కింద వరసలుగా సంచులు కనిపిస్తాయి. హరితహారం పేరు వన మహోత్సవంగా మారినా పని అదే, చేసేవాళ్లూ వాళ్లే. ఎక్కువగా ఉపాధి హామీ కూలీలు, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పెంట ఎరువు జల్లించి కలిపి, చలికాలంలో సంచులు నింపేది వాళ్లే. బీడీలు చుట్టి ఆరితేరిన వేళ్లు కావడంతో ఈ పని వాళ్ల చేతుల్లో చకచకా సాగిపోతుంది.

నర్సరీ పని గింజతో మొదలవుతుంది. ఒక్కో గింజది ఒక్కో తీరు. టేకు గింజను నానబెట్టి ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి ఎండబెట్టి, దాని మొండితనం వదిలించాలి. రేల గింజకు పైపొర రాయిలా ఉంటుంది, వేడినీళ్లు తగలాలి. చింతగింజ ఒక రాత్రి నానితే చాలు. వేప మాత్రం ఆగదు. పండు రాలిన రెండు మూడు వారాల్లో మొలకెత్తే శక్తి పోతుంది కాబట్టి వానల మొదట్లోనే ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే విత్తాలి. నేరేడుదీ అదే దారి. ఎండాకాలమంతా రోజూ నీళ్లు. వేర్లు సంచి అడుగు చీల్చి నేలలోకి దిగకుండా అప్పుడప్పుడూ సంచులు జరపడం. బయటికి పంపే ముందు నీళ్లు కొంచెం తగ్గించి, నీడ తీసి, మొక్కను ఎండకు గట్టిపరచడం. ఈ చివరి పని సరిగా జరగని మొక్క గుంతలో పెట్టిన వారానికే తల వాలుస్తుంది. ఊరి జనం మొక్క బతకలేదని అంటారు గాని, చాలాసార్లు దాని చావు నర్సరీ గేటు దాటకముందే ఖాయమై ఉంటుంది.

ఈ నీడ వల కింద ఒక చిన్న అడవి కూడా బతుకుతోంది. ఎండాకాలంలో చుట్టూ అంతా ఎండిపోయినప్పుడు తడి, నీడ రెండూ ఉన్న చోటు ఇదొక్కటే. సంచుల మధ్య కప్పలు చేరతాయి. కప్పల కోసం, ఎలుకల కోసం జెర్రిపోతు వస్తుంది. ముంగిస వస్తుంది. తొండలు వల కర్రల మీద కూర్చుని చీమల్ని ఏరుకుంటాయి. ఆరుద్ర కార్తె దగ్గరపడేసరికి మట్టి మీద ఎర్రటి మఖమల్ చుక్కల్లా ఆరుద్ర పురుగులు నడుస్తాయి. వెడల్పాటి ఆకులున్న వరసలో దర్జీ పిట్ట రెండు ఆకుల అంచులు దగ్గరకు లాగి, సాలెగూటి దారంతో, దూదితో కుట్టి గూడు కట్టుకుంటుంది. గుడ్లున్న వరసను కూలీలు చివరిదాకా కదిలించకుండా వదిలేయడం నేను చూశాను. వాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

నిమ్మ, కరివేపాకు సంచుల దగ్గర వంగి చూడండి. లేత ఆకు మీద చిన్న లేత పసుపు గుడ్డు ఉంటుంది. కొద్ది రోజులకు అందులోంచి వచ్చిన పురుగు గోధుమ, తెలుపు రంగుల్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. ఏ పిట్టా దాన్ని తినాలనుకోదు. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి రెండు పాయల ఎర్రటి కొమ్ము బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. ఇది నిమ్మ సీతాకోకచిలుక. రేల, తంగేడు మొక్కల మీద లేత పసుపు రెక్కల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. వీటిని చూడగానే మందు కొట్టించాలన్న ఆత్రం అధికారులకు, కొనేవాళ్లకు ఉంటుంది. నాలుగు ఆకులు తగ్గినంత మాత్రాన మొక్క చావదు. మరీ ఎక్కువైతే చేత్తో ఏరి పక్క కంచె మీది చెట్టుకు మార్చొచ్చు. మందు చల్లిన చోట కప్పా ఉండదు, దర్జీ పిట్టా ఉండదు. తర్వాత చెదల మీద, ఎలుకల మీద కాపలా కాసేవాళ్లూ ఉండరు.

కోతుల బాధ వేరు. అడవిలో పండ్ల చెట్లు పలచబడ్డాక అవి ఊళ్లలోకి దిగాయి. నర్సరీలో మొలకెత్తుతున్న గింజను తవ్వి తింటాయి, సంచి చించి పారేస్తాయి. పొలాల్లో అడవిపందులు, నర్సరీల్లో కోతులు, రైతు గుండె మీద రెండు పక్కలా బరువే. వాటి కోసం అడవిలో పండ్ల చెట్లు పెంచాలన్న ఆలోచన హరితహారంలోనే వచ్చింది. దాన్ని మంకీ ఫుడ్ కోర్టులన్నారు. ఆ ఆలోచన సరైనదే. మేడి, మర్రి, రావి, నేరేడు, ఉసిరి, సీతాఫలం అడవిలో నిలబడితే కోతికి ఊరి అవసరం తగ్గుతుంది.

నా ఫిర్యాదు ఇక్కడే. లెక్క చూపించడానికి తొందరగా పెరిగే మొక్కలే నర్సరీల్లో ఎక్కువ చోటు తీసుకుంటున్నాయి. కోనోకార్పస్‌నే చూడండి. రోడ్ల వెంట, పార్కుల్లో, ఇళ్ల ముందు రాష్ట్రమంతా ఆ ఆకుపచ్చ గోడలు లేచాక, దాన్ని పెంచొద్దని చెప్పాల్సి వచ్చింది. మన సీతాకోకచిలుకలకు అది తిండి కాదు, మన పిట్టలకు పండు ఇవ్వదు. అదే గుంతలో కానుగ పెట్టి ఉంటే పూలకు తేనెటీగలు, పప్పుకు నూనె, వేసవిలో నీడ దొరికేవి. ఎల్లారెడ్డి, గాంధారి గుట్టల్లో గింజ రాలుతుంటే, ఆ గింజకు నర్సరీలో సంచి లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

2025 ఆగస్టు చివరి వారంలో ఈ జిల్లా మీద ఆకాశం విరిగిపడింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. పోచారానికి ఎప్పుడూ చూడనంత వరద వచ్చింది. వందేళ్ల కట్ట తట్టుకుని నిలిచింది గాని వరద పొలాల్లో ఇసుక మేటలు వేసింది. అంత వానను ఏ చెట్టూ ఆపలేదు. కాని వాగు గట్టున లోతుగా వేరు పట్టిన కానుగ, నల్లమద్ది, నేరేడు ఉన్న చోట గట్టు కోత తగ్గుతుంది. అవి కావాలంటే ఈ ఏడు గింజ ఏరాలి, వచ్చే ఏడు నాటాలి. పెద్ద చెట్టు కావడానికి మరో పదేళ్లు.

కాబట్టి పాఠకులకు ఒక మాట. ఈసారి మృగశిర తర్వాత మీ పంచాయతీ నర్సరీకి వెళ్లండి. ఇచ్చిన మొక్క తెచ్చుకోకుండా, రేల ఉందా, నేరేడు ఉందా, కానుగ, మేడి, జమ్మి ఉన్నాయా అని అడగండి. లేకపోతే వచ్చే ఏడాదికి సంచులు నింపే ముందే గ్రామసభలో చెప్పి రాయించండి. మీ ఊరి చెట్ల కింద రాలిన గింజలు ఏరి మీరే ఇవ్వండి. అడిగేవాళ్లుంటేనే నర్సరీలో వరసలు మారతాయి.